ఫోటోలో ఉండిపోయిన చీటీ

భోగికి ఇంకా నాలుగు రోజులుంది. మా అత్తయ్య వరండాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. మావారు లోపల గుంట మగ్గంలో ఉన్నారు. నేను గడప దగ్గర కూర్చుని పార్సిళ్ళ మీద అడ్రసులు రాస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"ఏమ్మా అమ్మాయ్, నా చీరలు మూడూ ఇంకా రాలేదేంటి? పండగ వచ్చేసింది. కోడలికొకటి, కూతురికొకటి అని చెప్పి కూర్చున్నాను."

పెద్దావిడ గొంతు. తణుకు నుంచి. పుస్తకం తీసి చూశాను. ఆ పేరుతో, ఆ ఊరికి ఆర్డరు లేదు. మా ఊరి మంగళగిరి చీరలే, కానీ నేను అమ్మినవి కావు. "నేను మీకు అమ్మలేదండీ పిన్నిగారూ, మీరు ఎక్కడ కొన్నారు?" అన్నాను. ఆవిడ ఒక పేజీ పేరు చెప్పారు. ఎప్పుడూ వినలేదు. మరి నా నంబరు ఎలా దొరికిందని అడిగితే ఆవిడ చెప్పిన మాట విని చేతిలో పెన్ను పక్కన పెట్టేశాను.

"ఫోటోని పెద్దది చేసి చూశానమ్మా. చీర మడతలో చిన్న కాయితం ముక్క కనిపించింది. దాని మీద 47 అని, కింద ఈ నంబరు ఉంది."

నేను ప్రతి చీరకీ గుండుసూదితో ఒక చీటీ గుచ్చుతాను. స్టాకు నంబరు, కింద నా ఫోన్ నంబరు. ఫోటో తీసేటప్పుడు తీసేస్తాను. ఆ ఒక్క చీరకి మర్చిపోయాను. ఆవిడ ఫోటోలు పంపగానే గుర్తుపట్టాను. మా పెరట్లో వేపచెట్టు, దండెం, నీలం రంగు క్లిప్పులు, వెనక సున్నం ఊడిన గోడ. అన్నీ నావే. ఒక మూలన మాత్రం ఎవరిదో గుర్తు అంటించి ఉంది.

2020 లాక్‌డౌన్‌లో మా చీరలు తీసుకునే షావుకారు కొనడం ఆపేసినప్పుడు నేను వాట్సాప్‌లో అమ్మడం మొదలుపెట్టాను. అంతకు ముందు నాకు ఫోటో సరిగా తీయడం కూడా రాదు. ఎండ ఏ వేళప్పుడు ఏ రంగుని ఎలా చూపిస్తుందో నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ ఫోటోలనే పట్టుకెళ్ళి ఎవరో "మంగళగిరి పట్టు, నిజాం బోర్డర్, సంక్రాంతి ఆఫర్, 799 మాత్రమే, ఈ రాత్రి 12 వరకే" అని పెట్టారు. నాకు కోపం కంటే ముందు దిగులు వచ్చింది. ఆవిడ నమ్మింది ఆ పేజీని కాదు, మా చీరని.

799కి పట్టు చీర రాదు. ఈ మాట నేను అమ్మేదాన్ని కాబట్టి చెప్పడం లేదు, లెక్క తెలుసు కాబట్టి చెబుతున్నాను. ఆ డబ్బుతో చీరకి కావలసిన పట్టు నూలు కూడా కొనలేం. దాని మీద జరీ ఉంది, రంగు ఉంది, పడుగు చేసే పని ఉంది, మగ్గం మీద కూర్చున్న మనిషి కూలి ఉంది. మా ఇంట్లో ఒక చీర మగ్గం దిగడానికి రెండు రోజులకి తక్కువ పట్టదు. ఆఫర్ చూసినప్పుడు ఎంత తగ్గించారన్నది కాదు, అసలు ఈ ధరకి ఈ వస్తువు తయారవుతుందా అన్నది ఆలోచించాలి. చీర సంగతి తెలియకపోతే తెలిసిన దుకాణంలో ఒక మాట అడగండి. ఆప్కో షోరూంకి వెళ్ళి ధర చీటీ చూసినా చాలు.

సరే, మూడు చీరలకి 2,397 రూపాయలు. పోనీలే అనుకుందామంటే ఆవిడ ఫోన్ పెట్టడం లేదు. ఏదో చెప్పబోయి ఆగుతున్నారు. "ఇంకేమైనా జరిగిందా పిన్నిగారూ" అని రెండుసార్లు అడిగాక ఏడ్చేశారు.

చీరలు రాకపోయేసరికి, పేజీవాళ్ళు జవాబు ఇవ్వకపోయేసరికి, ముందు రోజు సాయంత్రం ఆవిడ గూగుల్‌లో ఆ పేజీ పేరు కొట్టి పక్కన కస్టమర్ కేర్ అని టైపు చేశారు. ఒక నంబరు వచ్చింది. చేశారు. ఎత్తినవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, మీ డబ్బు రీఫండ్ అయిపోయింది, బ్యాంకు దగ్గర ఆగింది, ఒక ఫారం నింపితే చాలు" అన్నాడు. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. అది ఫారం కాదు, ఏపీకే ఫైలు. అంటే ఫోన్‌లో దిగే యాప్. నొక్కగానే ఫోన్ హెచ్చరించింది, ఇది తెలియని చోటు నుంచి వచ్చింది, ప్రమాదం కావచ్చు అని. "అది మామూలేనమ్మా, అలౌ నొక్కండి" అన్నాడు. మెసేజీలు చదవడానికి అనుమతి అడిగింది. దానికీ అలౌ. తరవాత పేరు, కార్డు నంబరు, వెనకాల ఉండే మూడంకెలు. "వెరిఫికేషన్‌కి 5 రూపాయలు కట్టండి" అంటే అదీ కట్టారు.

ఆ యాప్ చేసే పని ఒక్కటే. బ్యాంకు పంపే ఓటీపీ మన ఫోన్‌కి రాగానే దాన్ని అవతలివాడికి పంపేస్తుంది. మనం నోటితో చెప్పక్కర్లేదు. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదమ్మా, ఒట్టు" అని ఆవిడ పదేపదే అంటున్నారు. నిజమే చెబుతున్నారు. చెప్పకుండానే పోయింది. రాత్రి 7 దాటాక ఒకసారి 24,999, ఇంకో పావుగంటకి 23,000.

మొదట పోయిన డబ్బు చిన్నది. దాన్ని వెనక్కి తెచ్చుకోబోయి వేసిన అడుగులో ఇరవై రెట్లు పోయింది. ఆ చీరల పేజీవాడూ ఈ కస్టమర్ కేర్ వాడూ ఒకరేనో కాదో నాకు తెలియదు. కానీ మోసపోయిన మనిషి కంగారులో ఏం వెతుకుతుందో వీళ్ళకి బాగా తెలుసు. గూగుల్‌లో కనిపించే నంబరు కంపెనీ పెట్టినదే అని అర్థం కాదు. ఎవరైనా పెట్టవచ్చు. ఏ కంపెనీదైనా కస్టమర్ కేర్ కావాలంటే ఆ కంపెనీ యాప్ తెరిచి, మన ఆర్డరులోకి వెళ్ళి, అక్కడి నుంచే అడగాలి. బ్యాంకుదైతే ఏటీఎం కార్డు వెనక ముద్రించిన నంబరు.

"అబ్బాయికి చెప్పారా?" అన్నాను.

"వాడికి చెప్పకమ్మాయ్. బెంగళూరులో వాడి టెన్షన్లు వాడివి. ఇంతోటి దానివి ఫోన్ ఎందుకు వాడతావు అంటాడు. పండగ వెళ్ళాక చెబుతాను."

పండగ వెళ్ళాక! రాత్రంతా ఆవిడ నిద్రపోలేదు, ఎవరికీ చెప్పలేదు. పదహారు గంటలు గడిచిపోయాయి. నాకు గుండె దడదడలాడింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. మావారు బయటికొచ్చి విషయం విని, "ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించు, మాటలు తరవాత" అన్నారు.

అప్పుడు మేం చేయించినవి వరసగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. ఆ ఫోన్‌లో ఇంకా ఆ యాప్ ఉంది కాబట్టి ముందు డేటా, వైఫై ఆపేసి, సిమ్ తీసేయమన్నాను. పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి కార్డు వెనకున్న నంబరుకి చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అన్నీ బ్లాక్ చేయించారు. వెంటనే 1930. వాళ్ళు అడిగినవి: పేరు, ఊరు, ఖాతా ఏ బ్యాంకులో, ఎన్ని గంటలకి ఎంత పోయింది, ఆ లావాదేవీ నంబరు ఎంత, అవతలివాడి ఫోన్ నంబరు ఏమిటి. లావాదేవీ నంబర్లు ఆవిడ దగ్గర లేవు. పక్కింటి అమ్మాయి బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ చేయించుకొస్తే అందులోంచి నంబర్లు చదివి చెప్పారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. తరవాత కేంద్ర హోం శాఖ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపారు. దాని అడ్రసు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. అది కూడా చేత్తో టైపు చేసే తెరవాలి, ఎవరో పంపిన లింకు మీద కాదు.

1930కి చేయగానే ఎందుకంత మేలో ఆ తరవాత తెలుసుకున్నాను. మన డబ్బు దొంగ జేబులోకి నేరుగా పోదు. ఎవరిదో ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఏటీఎంకి. ఫిర్యాదు నమోదు కాగానే అది ఆ డబ్బు చేరిన బ్యాంకుకి కంప్యూటర్‌లోనే వెళుతుంది. డబ్బు అక్కడ ఇంకా ఉంటే వాళ్ళు దాన్ని కదలకుండా ఆపుతారు. ముందుకు పోయి ఉంటే తరవాతి బ్యాంకుకి కబురు వెళుతుంది. ఈ ఏర్పాటు 2021లో 155260 అనే నంబరుతో మొదలై తరవాత 1930 అయింది. అంటే ఇది పరుగు పందెం. మొదటి గంటలో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. పదహారు గంటలు ఆలస్యమైనా ఆవిడకి అదృష్టం కొంత మిగిలింది. 24,999 అప్పటికే ఎక్కడో డ్రా అయిపోయింది. 23,000 మాత్రం రెండో బ్యాంకు ఖాతాలో చిక్కింది.

చిక్కగానే చేతికి రాదు. వాళ్ళబ్బాయి పండక్కి వచ్చి, తల్లిని స్టేషన్‌కి తీసుకెళ్ళి, కోర్టులో అర్జీ పెట్టించి, ఉత్తర్వు తెచ్చుకున్నాక ఎండాకాలంలో వచ్చింది. అవును, ఆయనకి ఆ రోజే చెప్పించాను. ఆవిడ భయపడినట్టు అరవలేదు. "అమ్మా, రాత్రే చెప్పి ఉంటే ఇంకొంచెం మిగిలేది కదా" అని ఒక్క మాట అన్నాడట.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ కొనిచ్చిన పిల్లలు ఈ మాట గట్టిగా విని ఉంచుకోవాలని నా కోరిక. వాళ్ళకి పది జాగ్రత్తలు చెప్పే ముందు ఒక్క ధైర్యం ఇవ్వండి. "ఏం జరిగినా ముందు నాకు ఫోన్ చేయి, నేను తిట్టను" అని. దొంగలకి కావలసింది మన తెలివితక్కువతనం కాదు, మన సిగ్గు. ఆ రాత్రి ఆవిడ ఎవరికీ చెప్పకుండా మంచం మీద పడుకున్న ప్రతి గంటా వాళ్ళకే పనికొచ్చింది.

బ్యాంకుకి చెప్పడం గురించి ఇంకొక్క ముక్క. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో ఉంది, మన తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడకూడదని. మనమే వివరాలు ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మనది, చెప్పాక జరిగింది బ్యాంకుది. ఎలా చూసినా చెప్పిన నిమిషమే ముఖ్యం. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు రాసుకోవాలి.

ఆవిడకి ఇంకో ఫోన్ కూడా వచ్చింది, ఫిబ్రవరిలో. "సైబర్ పోలీసులం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు 1,500 పంపండి" అని. ఈసారి ఆవిడ పెట్టేసి నాకు చేశారు. పోయిన డబ్బు తెప్పిస్తామని డబ్బు అడిగేవాడు ఎవరైనా దొంగే.

పండగల ముందే ఇవన్నీ ఎక్కువ కావడానికి కారణం నాకు మా పార్సిళ్ళ దగ్గరే కనిపిస్తుంది. మామూలు రోజుల్లో వారానికి ఐదారు పంపుతాను. సంక్రాంతి ముందు రోజుకి పదిహేను. కొన్నవాళ్ళకీ అంతే, ఏ పార్సిలు ఎక్కడుందో గుర్తుండదు. అలాంటి రోజునే "మీ పార్సిల్ అడ్రసు సరిగా లేక ఆగిపోయింది, 12 గంటల్లో అప్‌డేట్ చేయండి" అని ఇండియా పోస్ట్ పేరుతో మెసేజీ వస్తుంది, కింద లింకు. నిత్యం పోస్టాఫీసుకి వెళ్ళే నాకే ఒకసారి చెయ్యి లింకు మీదికి వెళ్ళింది. మా కౌంటర్‌లో అడిగితే తపాలా శాఖ అలాంటి లింకులు పంపదన్నారు. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కూడా ఈ మెసేజీ అబద్ధమని చెప్పింది. స్పీడ్ పోస్టు రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది, ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. నేను ప్రతి పార్సిలుకీ ఆ రసీదు ఫోటో పంపుతాను. మీరు ఎవరి దగ్గర కొన్నా ఆ నంబరు అడిగి, ఇండియా పోస్ట్ సైటులో మీరే కొట్టి చూసుకోండి.

పార్సిల్లో మత్తుమందు దొరికింది, వీడియో కాల్‌లో అరెస్టు చేస్తున్నాం అని బెదిరించేవాళ్ళు వేరే రకం. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో రేడియోలో చెప్పారు. అలాంటి ఫోన్ పెట్టేయడమే.

ఇక డబ్బు కట్టేచోట. ఆవిడ క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు తెరమీద ఒక మగమనిషి పేరు వచ్చింది, మంగళగిరికీ చేనేతకీ సంబంధం లేనిది. "లెక్కలు చూసే అబ్బాయి అనుకున్నానమ్మా" అన్నారు. 2025లో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పెట్టిన నియమం ప్రకారం యూపీఐలో బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే కనిపించాలి. కాబట్టి పిన్ కొట్టేముందు ఆ పేరు చదవండి. దుకాణం పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి అయితే ఆగి అడగండి. నా ఖాతా నా పేరునే ఉంది, పార్సిలు మీద పంపేవారి పేరూ అదే. ఇంకొకటి, డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. రీఫండ్ ఇస్తాం పిన్ కొట్టండి అంటే అది మన డబ్బు పోయే దారి. 2025 అక్టోబరు 1 నుంచి మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులు కూడా ఆపేశారు, దాని వల్ల చాలా మోసాలు జరిగాయి గనుక.

అమ్మేవాళ్ళని అడగడానికి మొహమాటపడకండి. ఈ మాట అమ్మే మనిషిగా చెబుతున్నాను. వీడియో కాల్‌లో చీర చూపించమనండి. అంచు చూపించమనండి. తిరగేసి చూపించమనండి. చేనేత గుర్తు ఉందా అనండి, 2006 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ అది. ఇంటి అడ్రసు అడగండి. నిజంగా మగ్గం ఉన్న ఇల్లయితే ఫోన్ అటు తిప్పితే మగ్గం కనిపిస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. ఫోటోలు దొంగిలించినవాడికి అది సాధ్యం కాదు. వాడు వీడియో కాల్ ఎత్తడు, నెట్‌వర్క్ లేదంటాడు, ఆఫర్ అయిపోతోందంటాడు.

డబ్బు మాయం కాలేదు గానీ ఫోటోలో ఒకటి, వచ్చింది ఇంకొకటి అయితే అది వినియోగదారుల ఫిర్యాదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదికలు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు చూపించాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి.

నా ఫోటోలు వాడిన పేజీ మీద ఆ యాప్‌లో రిపోర్టు కొట్టాను, మా చుట్టాల చేత, కొన్నవాళ్ళ చేత కొట్టించాను. పదకొండు రోజులకి పోయింది. వారం తిరక్కుండా ఇంకో పేరుతో, అవే ఫోటోలతో, అదే వేపచెట్టుతో మళ్ళీ వచ్చింది. పోలీసు ఫిర్యాదు కూడా ఇచ్చాను. మళ్ళీ దసరా వస్తోంది, ఇంకా ఎన్ని వస్తాయో. ఆ పేజీ కింద "ఎప్పుడొస్తుంది", "సార్ రిప్లై ఇవ్వండి" అని రాసుకున్న ఆడవాళ్ళ మెసేజీలు చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఒక్కొక్కరికీ 1930 అని జవాబు రాసుకుంటూ పోయాను. రాత్రికల్లా నన్ను ఆ పేజీలోంచి బ్లాక్ చేశారు.

అప్పటి నుంచి నేను ఫోటో తీసేటప్పుడు చీటీ తీయడం లేదు. చిన్న కాయితం ముక్క కూడా కాదు, అరచేయంత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో నంబరు రాసి, చీర మధ్యలో అంచు మీద పెట్టి తీస్తున్నాను. కత్తిరించాలంటే చీరనే కత్తిరించాలి. ఫోటో అందం తగ్గిందని మా అత్తయ్య గొణుగుతుంది.

ఉగాదికి ముందు తణుకు పిన్నిగారు వీడియో కాల్ చేశారు. కొత్త చీర కావాలన్నారు. నెమలికంఠం రంగు, నిజాం అంచు ఉన్నది తీసి చూపించాను.

"తిరగెయ్యమ్మాయ్, వెనకవైపు చూడాలి."

తిరగేశాను.

"మగ్గం చూపించు."

ఫోన్ లోపలికి పట్టుకెళ్ళాను. మావారు నాడె ఆపి ఆవిడకి నమస్కారం పెట్టారు.

"నీ ఖాతా ఎవరి పేరు మీద ఉంది?"

చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని ఆ పేరు కాయితం మీద రాసుకున్నారు. స్కాన్ చేశాక, తెరమీద వచ్చిన పేరుని ఆ కాయితంతో పోల్చుకుంటూ అక్షరం అక్షరం పైకి చదివారు. అప్పుడు పిన్ కొట్టారు.